ఒక్క బంతి పట్టేంత సందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో కంప్యూటర్ స్నూకర్ గేముల్లో ఉండే ట్రిక్ షాట్ మోడ్ గురించి నాలుగు ముక్కలు రాశాను. బల్ల మీద బంతుల్ని మనకు నచ్చిన చోట పెట్టుకుని, ఒకే దెబ్బకు రెండో మూడో, ధైర్యముంటే ఆరో, పాకెట్లలో పడేలా చేసే ఆట అది. ఏదో సరదాకు రాస్తే నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొందరు స్క్రీన్ బొమ్మలు కూడా పంపారు, ఒకాయనైతే బల్లను గ్రాఫ్ కాగితం మీద గీసి పంపాడు. అన్నింటికీ జవాబు రాయడం కుదరదు కాబట్టి ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, ఎక్కువమంది తిప్పలు పడుతున్న వాటిని తీసుకున్నాను.

ప్రశ్న: అన్నా, నేను నల్లగొండలో డిగ్రీ రెండో సంవత్సరం. ట్రిక్ షాట్ ఎడిటర్‌లో ఐదు బంతులతో ఒక షాట్ కట్టుకున్నా. వైట్ (అదే, కర్రతో కొట్టే తెల్ల బంతి) పోయి రెడ్‌ను కొట్టాలి, రెడ్ ఎల్లోను, ఎల్లో బ్లూను, బ్లూ వెళ్లి పాకెట్ మూతి దగ్గరున్న బ్లాక్‌ను నెట్టాలి. మూడు రోజులు కూర్చున్నా. నలభైసార్లు కొడితే ఒక్కసారి పడ్డది, అది కూడా ఎట్ల పడ్డదో నాకే తెలియదు. గురి కుదరాలంటే ఏం చేయాలి? మౌస్ మార్చాలా?

జవాబు: మౌస్ మార్చకు తమ్ముడూ, ఆ డబ్బులతో ఇంకేమన్నా కొనుక్కో. నీ గురిలో పెద్ద తప్పేమీ లేదు, బంతుల్ని పెట్టిన తీరులోనే ఉంది తిప్పలంతా. నువ్వు పంపిన బొమ్మ చూశాను. వైట్‌కూ రెడ్‌కూ మధ్య మీటరు, రెడ్‌కూ ఎల్లోకూ మధ్య ఇంకో మీటరు, బ్లూ ఎక్కడో అవతలి మూలన. చూడ్డానికి బల్లంతా నిండుగా బాగుంది గానీ, ఈ షాట్‌ను పదిసార్లలో ఒక్కసారి వేసినా గొప్పే.

ఒక చిన్న లెక్క చెప్తా, విసుక్కోకుండా చదువు. స్నూకర్ బంతి అడ్డం కొలత 52.5 మిల్లీమీటర్లు. వైట్ నడిమధ్య నుంచి రెడ్ నడిమధ్యకు సరిగ్గా మీటరు దూరం ఉంది, దాన్ని నిండుగా ఎదురెదురుగా కొట్టాలి అనుకుందాం. నీ గురి డిగ్రీలో పదో వంతు తప్పింది. మీటరు పోయేసరికి వైట్ పక్కకు జరిగేది 1.75 మిల్లీమీటర్లే, పోతే పోయిందిలే అనిపిస్తుంది. కానీ బంతి గుండ్రంగా ఉంటుంది కదా, ఆ కాస్త పక్కన తగిలినందుకే రెడ్ వెళ్లే దారి దాదాపు 1.8 డిగ్రీలు తిరిగిపోతుంది. అంటే ఒక్క తాకిడికి తప్పు పద్దెనిమిది రెట్లయింది. ఆ రెడ్ ఇంకో మీటరు వెళ్లి ఎల్లోను తాకేసరికి ఎల్లో 35 డిగ్రీలు పక్కకు పడుతుంది. ఇక బ్లూ సంగతి ఎందుకులే, ఎల్లో దాని దరిదాపులకే పోదు. నలభైలో ఒక్కసారి పడ్డది చూడు, అది నిజంగా అదృష్టమే, బహుశా బల్ల అంచున ఉండే రబ్బరు కుషన్‌కు ఎక్కడో తగిలి వచ్చి ఉంటుంది.

ఇప్పుడు నీ మౌస్ దగ్గరకు వద్దాం. 1920 పిక్సెళ్ల వెడల్పున్న స్క్రీన్ మీద బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండుగా కనబడుతోందనుకో. అసలు బల్ల మీద ఆడే భాగం పొడవు 3569 మిల్లీమీటర్లు, కాబట్టి ఒక్కో పిక్సెల్ దాదాపు 1.9 మిల్లీమీటర్లకు సమానం. వైట్‌కు మీటరు దూరంలో కర్సర్ పెట్టి గురి చూస్తున్నావంటే, కర్సర్ ఒక్క పిక్సెల్ జరిగితే చాలు, ఇందాక చెప్పిన ఆ 0.1 డిగ్రీ తేడా వచ్చేసినట్టే. నీ చెయ్యి వణకాల్సిన పని కూడా లేదు. అందుకే కర్సర్‌తో గురిపెట్టే గేముల్లో కర్సర్‌ను కొట్టాల్సిన బంతి మీద పెట్టకుండా అదే గీత మీద ఇంకా ముందుకు, బల్ల అవతలి అంచు దాకా తీసుకెళ్లి గురి చూడాలి. మూడు మీటర్ల దూరంలో ఉంటే అదే ఒక్క పిక్సెల్‌కు వచ్చే తేడా మూడో వంతుకు పడిపోతుంది. బాణం మీటలతో సన్నగా సర్దుకునే వీలుంటే ఇంకా మంచిది.

అయినా ఇది పైపై మందే. అసలు మందు సందు తగ్గించడం. లెక్క చాలా తేలిక: రెండు బంతుల మధ్య దూరాన్ని, నడిమధ్య నుంచి నడిమధ్యకు తీసుకుని, బంతి అడ్డం కొలతతో భాగించి, అందులోంచి ఒకటి తీసేయ్. తప్పు అన్ని రెట్లవుతుంది. మీటరు దూరమైతే 19 లోంచి 1 పోగా 18. అదే రెండు బంతుల మధ్య ఇంకొక్క బంతి సరిగ్గా పట్టేంత సందు వదిలావనుకో, 2 లోంచి 1 పోగా 1, అంటే తప్పు ఎంత వచ్చిందో అంతే ముందుకు పోతుంది, పెరగదు. అంతకంటే దగ్గర పెడితే ఇంకా తగ్గుతుంది. పూర్తిగా తాకించి పెడితే సున్నా, వెనక బంతి ఎటు నుంచి కాస్త అటూ ఇటూగా తగిలినా ముందు బంతి ఆ రెండింటి మధ్యల్ని కలిపే గీత మీదే పోతుంది. (ఇది ఎదురుగా నిండుగా కొట్టే దెబ్బ లెక్క, పక్కగా కోసి కొడితే తప్పు ఇంకాస్త ఎక్కువే పెరుగుతుంది.) చిన్నప్పుడు గోటీలాటలో అంటుకుని ఉన్న రెండు గోటీల్లో వెనకదాన్ని కొట్టి ముందుదాన్ని గుంతలో వేసినోళ్లకు ఇది కొత్తేం కాదు, లెక్క తెలియకుండానే చేశాం.

కాబట్టి నీ షాట్‌లో వైట్‌కూ రెడ్‌కూ మధ్య దూరం ఉంచుకో, చూసేవాళ్లకు అదే అందం. రెడ్, ఎల్లో, బ్లూలను మాత్రం తాకించి గానీ, ఒక బంతి సందుకు మించకుండా గానీ ఒక గుంపుగా పెట్టు. బ్లాక్ పాకెట్ మూతిలో వేలాడుతోంది కాబట్టి బ్లూ ఎట్లా తగిలినా అది పడుతుంది, అక్కడి దాకా దూరమున్నా పర్లేదు. గొలుసు మొత్తంలో దూరం రెండు చివర్లలోనే ఉండాలి, నడుమ ఉండకూడదు.

నాకు ఇది తెలిసేసరికి ఎంత కాలం పట్టిందో చెప్పనా? క్లాక్ టవర్ అవతల ఒక నెట్ సెంటర్‌లో కూర్చునేవాణ్ని, అప్పట్లో కింద రబ్బరు బంతి ఉండే మౌస్‌లు, అందులో దుమ్ము పేరుకుని కర్సర్ ఉండుండి ఎగిరేది. షాట్ తప్పిన ప్రతిసారీ మౌస్ బంతిని బయటికి తీసి చొక్కాతో తుడిచేవాణ్ని. తప్పంతా దాని మీదే వేసేశా కొన్ని నెలలు. ఒకసారి గంటన్నర కష్టపడి తొమ్మిది బంతులు పేర్చాక కరెంటు పోయింది, సేవ్ చేయలేదు. ఆ రోజు నుంచి ప్రతి బంతికీ ఒకసారి సేవ్ కొడతాను, నువ్వూ కొట్టు.

ప్రశ్న: స్నూకర్ మన దేశంలోనే పుట్టిందని మా దోస్త్ అంటున్నాడు, నిజమేనా? పందెం వేసుకున్నాం. (నారాయణపేట నుంచి)

జవాబు: మీ దోస్తే గెలిచాడు, చాయ్ తాగించండి. 1875లో జబల్‌పూర్‌లో ఉన్న బ్రిటిష్ సైనికాధికారుల దగ్గర పుట్టింది, నెవిల్ చాంబర్లేన్ అనే అధికారి పేరు చెప్తారు. తర్వాత బ్రిటన్ ప్రధాని అయినాయన కాదు, ఈయన వేరే. నియమాలు స్థిరపడింది ఊటీ క్లబ్బులో, 1882 ప్రాంతంలో. ఇక కంప్యూటర్‌లో ట్రిక్ షాట్లంటారా, 1991లో ఆర్చర్ మెక్లీన్ తయారుచేసిన, జిమ్మీ వైట్ అనే స్నూకర్ ఆటగాడి పేరుతో వచ్చిన గేములోనే ఆ ముచ్చట ఉంది, కొట్టకుండా ఆలస్యం చేస్తే బంతులు మూతి తిప్పి వెక్కిరించేవి అందులో.

ప్రశ్న: సార్, నేను జడ్చర్లలో ఉంటాను, ఇద్దరు పిల్లలు. మా వాడు ఆడి పడుకున్నాక రాత్రి నేను ఆడుతుంటా, వాడికి చెప్పకండి. నాకు క్యారమ్స్ బాగా వచ్చు, పుట్టింట్లో అన్నయ్యలను ఓడించేదాన్ని. రీబౌండ్ కొట్టడంలో నాకు తిరుగులేదు. కానీ ఈ గేములో కుషన్‌కు కొట్టి తిప్పి తెద్దామంటే ఎప్పుడూ నేననుకున్న చోటుకు రాదు, ఒకసారి ఇటు, ఒకసారి అటు. క్యారమ్స్ లెక్క ఇక్కడ పనిచేయదా?

జవాబు: అక్కా, మీ లెక్క తప్పు కాదు. రెండు తేడాలున్నాయి, అవి పట్టుకుంటే మీ వాణ్ని కూడా ఓడిస్తారు.

మొదటిది బంతి మందం. క్యారమ్స్‌లో మీరు చేసేదేమిటి, బోర్డు అంచు ఒక అద్దం అనుకుని, కాయిన్ బొమ్మ ఆ అద్దంలో ఎక్కడ కనబడుతుందో అక్కడికి కొడతారు. ఇక్కడా అంతే, కానీ అద్దాన్ని కుషన్ అంచు దగ్గర పెట్టకూడదు. బంతి నడిమధ్య ఎప్పుడూ కుషన్‌ను తాకదు కదా, దాని అంచు తాకినప్పుడు మధ్య ఇంకా 26.25 మిల్లీమీటర్లు లోపలే ఉంటుంది. అద్దం ఆ గీత దగ్గర ఉందనుకోవాలి. బల్ల వెడల్పు 1778 మిల్లీమీటర్లైనా బంతి మధ్య తిరిగేది 1725.5 మిల్లీమీటర్ల వెడల్పులోనే. స్ట్రైకర్‌కు కూడా ఈ మందం ఉంటుంది గానీ మీ చెయ్యి దానికి ఎప్పుడో అలవాటు పడిపోయింది, మీరు గమనించరు. మీ గేములో గురి గీత బంతి మధ్య నుంచి వస్తుందా అంచు నుంచి వస్తుందా అని ముందు చూసుకోండి, సగం తేడా అక్కడే ఉంటుంది.

రెండోదే అసలు కిరికిరి. స్ట్రైకర్ బోరిక్ పౌడర్ మీద జారుతుంది, బంతి దొర్లుతుంది. దొర్లుతున్న బంతి కుషన్‌కు తగిలి వెనక్కి వచ్చినా, దాని దొర్లుడు వెంటనే మారదు, అది ఇంకా కుషన్ వైపే తిరుగుతూ ఉంటుంది. అందువల్ల వెనక్కి వచ్చే ఊపు తగ్గి, కుషన్ వెంబడి పోయే ఊపు అట్లాగే మిగులుతుంది, బంతి మీరనుకున్న చోటు దాటి ఇంకా ముందుకెళ్లి పడుతుంది. అదే దగ్గర నుంచి గట్టిగా కొడితే దొర్లడం మొదలుకాకముందే కుషన్‌కు తగులుతుంది, రబ్బరు లోపలికి నొక్కుకుని తిప్పి పంపుతుంది, అప్పుడు అనుకున్న దానికంటే నిటారుగా, కురచగా వస్తుంది. మెల్లగా కొడితే సాగుతుంది, గట్టిగా కొడితే కురచబడుతుంది. మీకు ఒకసారి ఇటూ ఒకసారి అటూ పోతున్నది ఇందుకే, మీ గురి మారలేదు, బలం మారింది.

ఒక పని చేయండి. అసలు పాకెట్ సంగతి మరిచిపోయి, వైట్ ఒక్కదాన్నే బల్ల మీద పెట్టి, ఒకే చోట నుంచి ఒకే గురితో బలాన్ని పావు, సగం, ముప్పావు పెట్టి మూడుసార్లు కొట్టండి. ఒక కుషన్‌కు తగిలి తిరిగొచ్చి ఎదురు కుషన్ మీద ఎక్కడ పడుతుందో మూడు గుర్తులు కాగితం మీద రాసుకోండి. గేములన్నీ ఒకేలా ఉండవు, కొన్నింటిలో ఈ దొర్లుడు లెక్క అసలు ఉండదు, మూడు గుర్తులూ ఒకే చోట పడతాయి, అప్పుడు మీ క్యారమ్స్ లెక్క నూటికి నూరు పాళ్లు చెల్లుతుంది. ట్రిక్ షాట్‌లో ఎన్ని కుషన్లు తగిలించినా, బలం గీతను ఒకచోట స్థిరంగా పెట్టుకుని తర్వాత దాన్ని ముట్టకండి, బంతుల్నే జరపండి.

ప్రశ్న: నేను మిర్యాలగూడ, ఇంజనీరింగ్ చదువుతున్నా. సొంతంగా ఒక స్నూకర్ గేమ్ రాస్తున్నా అన్నా. మూడు సమస్యలు. గట్టిగా కొడితే ఒక్కోసారి బంతి ఇంకో బంతిలోంచి దూసుకుపోతోంది. నా లాప్‌టాప్‌లో పడే ట్రిక్ షాట్ ఫ్రెండ్ లాప్‌టాప్‌లో పడట్లేదు. ఇంకా, బంతులు ఐస్ మీద జారినట్టు ఉన్నాయంటున్నారు అందరూ. టెన్షన్‌గా ఉంది, ప్రాజెక్ట్ ఇదే.

జవాబు: మూడూ ఒక ఇంటి పిల్లలే, టెన్షన్ పడకు. గట్టి దెబ్బ అంటే సెకనుకు 6 మీటర్లు అనుకుందాం. నువ్వు సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు, గీస్తూ ఫ్రేముకొకసారి మాత్రమే లెక్క వేస్తే, ఒక్కో అడుగుకు బంతి 100 మిల్లీమీటర్లు గెంతుతుంది. బంతి అడ్డం కొలతే 52.5. నిండుగా తగిలే దెబ్బ అయితే ఎక్కడో ఒకచోట రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నట్టు పట్టుబడుతుంది, అప్పటికే సగం దాటిపోయి ఉంటే నీ కోడ్ దాన్ని తప్పు వైపుకు నెడుతుంది. సన్నగా తగలాల్సిన దెబ్బ అయితే అసలు తగిలిన సంగతే దానికి తెలియదు, ఆ గెంతులో దాటేస్తుంది. సెకనుకు వెయ్యిసార్లు లెక్క వెయ్యి, గెంతు 6 మిల్లీమీటర్లకు దిగుతుంది. ఇంకా శుభ్రంగా కావాలంటే రెండు బంతుల మధ్యల దూరం ఎప్పుడు సరిగ్గా 52.5 అవుతుందో వర్గ సమీకరణంతో కనుక్కుని, ఆ క్షణానికే వెళ్లి ఆగు. ఇంటర్‌లో చదివిందే.

ఫ్రెండ్ లాప్‌టాప్ సంగతి కూడా దీనికి తోడబుట్టిందే. నువ్వు ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య గడిచిన కాలాన్ని తీసుకుని బంతిని జరుపుతున్నావు కదా? అతని మెషీన్ ఫ్రేములు వేరే వేగంతో గీస్తుంది, గెంతులు వేరే పొడవు, తాకే చోటు వెంట్రుకవాసి మారుతుంది, పై ఉత్తరానికి రాసిన 18 రెట్ల లెక్క చదివావుగా, మూడో బంతి దగ్గరకు వచ్చేసరికి అది వేరే ఆట. లెక్క వేసే అడుగు ఎప్పుడూ ఒకే పొడవు ఉండాలి, బొమ్మ గీయడం ఎంత నెమ్మదైనా సరే. షాట్‌ను సేవ్ చేసేటప్పుడు కూడా బంతుల చోట్లు, గురి కోణం, బలం, వైట్ మీద దెబ్బ తగిలే చోటు, ఇవి పూర్తి దశాంశాలతో దాచిపెట్టు, రెండు అంకెలకు కుదించావంటే సచ్చినట్టే. తాకి ఉన్న బంతుల్ని పెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త: వెంట్రుకంత ఒకదాని మీదికి ఒకటి ఎక్కినా చాలా గేములు వాటిని విడదీయబోయి బాంబులా పేల్చేస్తాయి. కాబట్టి ఎడిటర్‌లో దగ్గరకు లాగినప్పుడు వాటిని సరిగ్గా తాకేలా నువ్వే సర్దిపెట్టు.

ఇక ఐస్ మీద జారడం. మధ్యలో కొట్టిన బంతి మొదట జారుతుంది, గుడ్డ రాపిడికి మెల్లగా తిరగడం మొదలుపెట్టి, వేగం మొదటిదాంట్లో 5/7 వంతుకు తగ్గేసరికి పూర్తిగా దొర్లుతుంది. నువ్వు మొదటి నుంచి చివరి దాకా ఒకే రాపిడి పెట్టి ఉంటావు. జారేటప్పుడు రాపిడి చాలా ఎక్కువ, దొర్లేటప్పుడు చాలా తక్కువ, రెండు విడిగా రాయాలి. ఇదంతా కొత్త విద్య అనుకోకు, కొరియోలిస్ అనే ఫ్రెంచ్ ఆయన 1835లోనే బిలియర్డ్స్ లెక్కల మీద పుస్తకం రాసి పెట్టాడు, తుపానుల పాఠంలో పేరు విని ఉంటావు, ఆయనే.

ప్రశ్న: వనపర్తి నుంచి. బంతిని కొట్టాక వైట్ ఎటు పోతుందో ముందే ఎట్లా తెలుస్తుంది? దాని దారిలో ఇంకో బంతి పెడదామని.

జవాబు: రెండు గుర్తు పెట్టుకోండి చాలు. తాకే క్షణంలో వైట్ ముందుకూ వెనక్కూ తిరగకుండా ఊరికే జారుతూ ఉంటే, కొట్టిన బంతి పోయిన దారికి 90 డిగ్రీలలో పోతుంది. మామూలుగా దొర్లుతూ వెళ్లి బంతిని సగం మందాన తాకితే, అంటే వైట్ మధ్యను ఆ బంతి అంచుకు గురిపెట్టి కొడితే, తన పాత దారి నుంచి 30, 35 డిగ్రీల మధ్య మళ్లుతుంది. ఇంకా తేలిక పని, మిగతా బంతులు తీసేసి ఒకసారి కొట్టి వైట్ దారి చూడండి, ఆ దారి మీద పాకెట్ మూతికి దగ్గరగా బంతి పెట్టండి. గేమ్ కాబట్టి రెండోసారి కూడా అదే దారిన వస్తుంది, అసలు బల్లకు ఆ సుగుణం లేదు.

ప్రశ్న: నమస్తే సార్. దేవరకొండ దగ్గర హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. వార్షికోత్సవంలో ప్రొజెక్టర్ మీద ఈ గేము పెట్టి ఒక ట్రిక్ షాట్ చూపించి, తర్వాత ద్రవ్యవేగం పాఠం చెప్దామని పిల్లలూ నేనూ అనుకున్నాం. కానీ ఊరంతా చూస్తుండగా తప్పితే పరువు పోతుంది. కొట్టేది ఎనిమిదో తరగతి అమ్మాయి. ఎటు కొట్టినా పడే షాట్ ఏదైనా ఉందా?

జవాబు: ఎటు కొట్టినా అంటే కష్టం గానీ మాస్టారూ, కాస్త అటూ ఇటూ కొట్టినా పడేది ఒకటుంది, పైగా మీ పాఠానికి అచ్చంగా సరిపోతుంది. నాకు అన్నింటికంటే ఇష్టమైన షాట్ కూడా ఇదే.

పోచంపల్లిలో చీర ఎట్లా నేస్తారో మీకు తెలిసిందే, మగ్గం ఎక్కకముందే నూలుకు ముడులు కట్టి రంగులు అద్దేస్తారు, ఏ పోగు మీద ఏ రంగు చీరలో ఎక్కడికొచ్చి పడుతుందో ముందే తెలిసి ఉండాలి. ఇక్కడా అట్లాగే పాకెట్ దగ్గర నుంచి వెనక్కి రండి. బ్లాక్ స్పాట్ (ఆట మొదట్లో బ్లాక్ బంతి పెట్టే గుర్తు) వైపున్న రెండు మూల పాకెట్లలో చెరొక బంతి పడాలి. ఆ రెండింటికీ సమానంగా కనబడే చోటు ఏది? పింక్ స్పాట్. పైకుషన్ (బ్లాక్ స్పాట్ వైపు చివర ఉండే కుషన్) నుంచి దానికి 892 మిల్లీమీటర్లు, పక్క కుషన్ నుంచి 889. దాదాపు చతురస్రమే, అంటే అక్కడి నుంచి రెండు మూలలకూ దారి 45 డిగ్రీలే.

పింక్ స్పాట్ మీద ఒక రెడ్ పెట్టండి. దానికి ముందు, కుడి మూల వైపు 45 డిగ్రీల గీత మీద, తాకిస్తూ ఎల్లో పెట్టండి. ఎడమ మూల వైపు అట్లాగే తాకిస్తూ బ్లూ పెట్టండి. ఎల్లోకూ బ్లూకూ మధ్య దాదాపు 22 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది, అవి ఒకదాన్నొకటి తాకకూడదు. పింక్‌నూ బ్లాక్‌నూ బల్ల మీద నుంచి తీసేయండి. వైట్‌ను నడి గీత మీద బ్లూ స్పాట్ దగ్గర పెట్టి, మధ్యకు కాస్త కింద దెబ్బ పెట్టి నేరుగా రెడ్‌ను కొట్టించండి. ఎల్లో కుడి మూలకు, బ్లూ ఎడమ మూలకు పోతాయి, రెడ్ ఉన్నచోటే ఆగిపోతుంది. జనం ముందు ఆ ఆగిపోయిన రెడ్‌నే చూస్తారు, చూడండి.

ఎందుకు ఆగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు గానీ పిల్లల కోసం రాస్తున్నా. ఆ రెండు దారుల మధ్య సరిగ్గా 90 డిగ్రీలు ఉన్నాయి. రెడ్‌కు వచ్చిన ఊపు ఎంతైనా, ఆ రెండు దారుల నడుమ ఏ వైపుకైనా, అది ఆ రెండు లంబ దారులకే మొత్తం పంచుకుపోతుంది, తన దగ్గర ఏమీ మిగలదు. నిండుగా కొడితే చెరి సగం శక్తి. అమ్మాయి గురి కాస్త పక్కకు పోయి రెడ్‌కు వంకరగా తగిలిందనుకోండి, ఒక బంతి కాస్త వేగంగా, ఇంకోటి కాస్త నెమ్మదిగా పోతుందే తప్ప దారులు మారవు, అవి ముందే తాకించి పెట్టినప్పుడే ఖాయమైపోయాయి. ఇంకో లాభం: గేమ్ ముందు ఎల్లోను లెక్కగట్టి తర్వాత బ్లూను లెక్కగట్టినా ఫలితం అదే వస్తుంది. రెడ్ ఎల్లోకు తన వంతు ఇచ్చేశాక దానికి మిగిలిన దారి అచ్చంగా బ్లూ వైపే. వేరే కోణంలో పెట్టిన గుంపులకు ఈ సుఖం ఉండదు.

ఒక్కటే చూసుకోవాలి. బాగా తయారుచేసిన గేముల్లో బంతికీ బంతికీ మధ్య రాపిడి కూడా లెక్కలో ఉంటుంది. రెడ్ ముందుకు కదలబోతూ పక్కబంతుల్ని కాస్త తనతో పాటు ముందుకు ఈడుస్తుంది, అప్పుడు ఎల్లో, బ్లూ రెండూ మూలకు కాస్త ఇవతల పైకుషన్‌కు తగులుతాయి. అక్కడి నుంచి మూలకు మీటరుకు పైగా దూరం కదా, రెండు డిగ్రీలు ఈడ్చినా నాలుగు సెంటీమీటర్లు తప్పిపోతుంది. అట్లా తగిలితే గురి మార్చకండి, బలమూ మార్చకండి, ఎల్లోను ఒక పిసరు కుడికి, బ్లూను ఒక పిసరు ఎడమకు, రెడ్‌ను తాకుతూనే ఉండేలా తిప్పి మళ్లీ కొట్టించండి. మూడు నాలుగుసార్లలో కుదురుతుంది. కుదిరాక సేవ్ చేసి, వార్షికోత్సవం రోజు ప్రొజెక్టర్ పెట్టబోయే ఆ కంప్యూటర్‌లోనే ఒకసారి కొట్టి చూసుకోండి, మీ ఇంటి లాప్‌టాప్‌లో పడింది కదా అని ధీమాగా వెళ్లకండి. పడిందో లేదో ఆ అమ్మాయితోనే ఉత్తరం రాయించండి.